మేనేజరు గదిలో సర్వరు

ఆ గది తాళం చూస్తేనే ప్రసన్నకుమారికి ఒళ్లు మండేది. చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏసీ ఉన్నది ఒక్క మేనేజరు దేవరాజులు గదికే. వేడికి కంప్యూటరు సర్వరు ఆగిపోతుందని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టాక, ఆయన తన బల్ల కింద కాస్త చోటిచ్చాడు. మహోపకారం!

అది రెండువేల మూడు జూన్. అంతకుముందు రైతుల వంతులన్నీ గేటు దగ్గర పుస్తకంలో రాసేవారు. మేనేజరు బంధువుల ట్రాక్టర్లు ఎప్పుడొచ్చినా వాళ్ల పేర్లే పైకెక్కేవి. మిగతావాళ్ల తోతాపురి కాయలు ఎండలో మాగి, కారి, చివరికి పనికిరావని అనిపించుకునేవి. గేటు గుమాస్తా అయిన ప్రసన్నకుమారి ఏడాది పోరి, ఒక పాత కంప్యూటరును సర్వరుగా మార్చి, వంతుల పట్టికను అందులో పెట్టించింది. గేటు, తూకం, కాయల పరీక్ష, మూడు చోట్లా అదే పట్టిక. ఒకచోట మారిస్తే అందరికీ తెలిసిపోతుంది. ఇక వరస తప్పదని రైతులకు తనే మాటిచ్చింది. అక్కడే ఇరుక్కుంది.

శుక్రవారం పొద్దున దేవరాజులు మొక్కు తీర్చుకోవడానికి తిరుమలకు బయల్దేరాడు. పోతూ పోతూ గదిలో కరెంటు మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఊరెళ్లేటప్పుడు అలా చేయడం వాళ్లింట్లో అలవాటట. ఇదేమన్నా ఆయన ఇల్లా? మూడు చోట్లా తెరలు ఖాళీ అయిపోయాయి. ఆయన సెల్లు చూస్తే పలకదు.

వాచ్‌మన్ చిన్నబ్బ గేటుకొచ్చిన బండ్ల వంతు నంబర్లు గోడమీద సుద్దతో వేసుకునేవాడు. కంప్యూటరుండగా ఈ గీతలెందుకని ముందురోజే ప్రసన్నకుమారి దగ్గరుండి ఆ గోడ కడిగించింది. ఇప్పుడు ఆ గోడకే తల బాదుకోవాలనిపించింది.

శనివారం మధ్యాహ్నానికి బండ్లు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. ఎవరికి వారు తామే ముందంటున్నారు. కార్వేటినగరం రైతు మునస్వామి ఆమె గేటు కిటికీ దగ్గరికొచ్చాడు.

“నాది తొమ్మిదని మొన్న తెరలో సూపిస్తివి గదమ్మా. ఇప్పుడు పట్టికే లేదంటా ఉండావు. కాయలు కారిపోతా ఉండాయి. నేనెవుర్ని అడిగేది?”

అరిచినా బాగుండేది. మెల్లగా అడిగేసరికి ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనయింది. చిన్నబ్బ చేత గడ్డపార తెప్పించింది. తాళం కొట్టమంటే వాడు దండం పెట్టి పక్కకు జరిగాడు. తనే కొట్టింది. మూడో దెబ్బకు తాళం ఊడింది. మెయిన్ వేసి, సర్వరు లేచేదాకా గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. పట్టిక చెక్కుచెదరలేదు.

సాయంత్రానికి ఎనిమిది బండ్లు లోపలికి పోయాయి. తర్వాతది మునస్వామిది. సరిగ్గా అప్పుడే దేవరాజులు నున్నటి గుండుతో దిగాడు. తిట్టలేదు. చేతిలో లడ్డూ ముక్క పెట్టి, నాలుగు మూలలా పసుపు పూసిన కొత్త పుస్తకం ఆమె బల్లమీద ఉంచాడు. కంప్యూటరు మనకు అచ్చిరాలేదని, ఇకనుంచి పుస్తకమేనని, ఆమె రాత ముత్యాల్లా ఉంటుంది కాబట్టి ఆమే రాయాలని చెప్పాడు. మొదటి పేరుగా తన బావమరిది పేరు చెప్పాడు. ఆ బావమరిది ట్రాక్టరు వచ్చి గంట కూడా కాలేదు.

ప్రసన్నకుమారి పెన్ను కింద పెట్టింది.

“ఆయన నంబరు నలభై ఆరు సార్. ఇప్పుడు తొమ్మిది పోవాల,” అని తెరను కిటికీ వైపు తిప్పింది.

బయట చదువొచ్చిన రైతులు రానివాళ్లకు పేర్లు గట్టిగా చదివి వినిపించసాగారు. మునస్వామి ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. అంతమంది చూస్తుండగా దేవరాజులు పుస్తకం తీసుకుని వెళ్లిపోయాడు.

సోమవారానికి ఆయన గదికి కొత్త తాళం పడింది. సర్వరు మాత్రం రేకుల వరండాలో, ఉడికిపోయే వేడిలో ఉంది. ప్రసన్నకుమారి పళ్లు నూరుకుంది. మధ్యాహ్నం ఇంటికెళ్లి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తెచ్చి దాని పక్కన పెట్టింది.