అక్క అడిగిన ఓటు

ఆయన దర్జీ కొట్టు నుంచి శాసనసభకు వెళ్లిన మనిషి. ఎన్నిసార్లు గెలిచినా మాట మాత్రం మార్చలేదు. పన్నులు పెంచకూడదు, మందు కొట్లు పెరగకూడదు, ఇంటి గొడవల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదు. విడాకులు సులువు చేస్తామని ఎవరు బిల్లు తెచ్చినా లేచి నిలబడి, "సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు" అని అడ్డుపడేవాడు. పార్టీవాళ్లు బల్లలు చరిచేవారు.

ఈసారి ఆ బిల్లు ఓటుకు వచ్చే రోజు పొద్దున్నే, తల్లి పోయాక తనను పెంచిన అక్క బట్టల సంచితో గుమ్మంలో నిలబడింది.

"బావ కొట్టాడా?" అన్నాడు కంగారుగా.

"కొడితే నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఏళ్ల తరబడి నాతో మాటే లేదు. గోడతో కాపురం చేస్తున్నా. నా సంసారమే నాకు రోగంరా తమ్ముడూ. గుట్టుగా ఉంచాలా, రట్టు చేయాలా? నువ్వే చెప్పు."

ఆయన అక్క చేతిలోని సంచి అందుకుని లోపల పెట్టి, సభకు బయలుదేరాడు.

సభలో అనుకూలంగా ఉన్నవాళ్లను లేవమన్నారు. లేవబోయి, ఇన్నేళ్ల ఉపన్యాసాలు గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. వ్యతిరేకించేవాళ్లను లేవమన్నప్పుడు అక్క ముఖం కళ్లలో మెదిలింది. అప్పుడూ లేవలేదు. బిల్లు నెగ్గింది.

"ఇంతకీ మీరు ఎటువైపండీ?" అని పార్టీ నాయకుడు వరండాలో నిలదీశాడు.

"నాకూ అంతుబట్టడం లేదండీ" అన్నాడు నిజాయితీగా.

ఇంటికొచ్చి జరిగిందంతా అక్కకు చెప్పాడు. ఆమె తమ్ముణ్ని ఎగాదిగా చూసింది.

"నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియట్లేదురా. ముందు కాళ్లు కడుక్కుని అన్నానికి రా" అంది.