రివ్యూ గదిలో మసక గోడలు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. మా ఆవిడతో కూడా అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అంటున్నాను. ఇదేమంత పెద్ద తప్పని మొదట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు.

అప్పట్లో కొత్తగూడలో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. గేములో వాన, పొగ, మంటలు నా పని. గోడలకు, నేలకు పరిచే బొమ్మలు కృప వేసేది. వాటిని టెక్స్చర్లు అంటాం. కాకినాడ వైపు అమ్మాయి. ఆరు నెలలు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని చెప్పి తీసుకున్నారు. ఆమె వేసిన ఇటుక గోడ మీద చెయ్యి పెడితే గరుకు తగులుతుందేమో అనిపించేది. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ప్రతి శుక్రవారం అందరి పనీ రివ్యూ గదిలో పెద్ద తెర మీద చూసేవాళ్లం. ఆ గదిలో కంప్యూటర్ బాధ్యత నాది. ఒక శుక్రవారం పొద్దున నా వాన ఆగి ఆగి పడుతోంది. పరువు పోతుందని గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి, టెక్స్చర్ల నాణ్యతను అట్టడుగుకు దించాను. అలా చేస్తే కార్డు మీద భారం తగ్గి గేము చురుగ్గా నడుస్తుంది, కానీ గోడలు మసకబారతాయి. వాన చక్కగా పడింది. అందరూ మెచ్చుకున్నారు. కృప గోడలు చూసి మా టీమ్ లీడ్ మొహం చిట్లించాడు.

వారంలో వానను బాగుచేసుకుని సెట్టింగ్ మళ్లీ పైకి పెడదామనుకున్నాను. వాన బాగుపడలేదు. నాకు చేతకాలేదు, అంతే. కృప గోడలన్నీ మళ్లీ వేసింది. మళ్లీ మసకే. మూడో శుక్రవారం రివ్యూ అయ్యాక గదిలో ఇద్దరమే మిగిలాం.

"అన్నయ్యా, నా సిస్టమ్‌లో బాగానే ఉందండి. ఇక్కడే మసగ్గా కనిపిస్తోంది. ఒకసారి కార్డు సెట్టింగులు చూస్తారా?"

"చూసిన. అంతా బరాబరే ఉంది. నీ చిన్న తెర మీద తెలుస్తలేదు గంతే. జర కళ్లు చూపించుకోరాదు?"

"అంతేనంటారా?"

"అంతే."

కళ్ల మాట ఎందుకన్నాను? ఆమె మీద నాకు కోపం లేదు. అసూయ ఉందా అని చాలాసార్లు వెతుక్కున్నాను, ఉండే ఉంటుంది, కానీ దానికన్నా ముందు ఆ గదిలోంచి ఆమె వెళ్లిపోతే చాలని ఉండింది, అందుకు నోటికి ఏది తోస్తే అది అనేశాను. ఆమె నమ్మింది. సోమవారం కళ్లజోడుతో వచ్చింది. కొద్దిగా పవర్ ఉందన్నారట. ఆ జోడు పెట్టుకుని నాలుగోసారి గోడలు వేసింది. నేను పక్క సీట్లోనే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆరు నెలలు నిండాక ఆమెను పంపించేశారు. మరుసటి రోజు సెట్టింగ్ పైకి పెట్టాను. నా వాన నత్తనడక నడిస్తే, దాన్ని బాగుచేయడానికి వేరే మనిషిని పెట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. చేతకాదని ముందే చెప్పినా ఇంతే జరిగేది. కృప గోడలు మాత్రం తెర మీద ఇటుక ఇటుకా కనిపించాయి. ఆమె తర్వాత వచ్చినతను సరిచేశాడనుకున్నారు. గేము బయటికొచ్చింది. చివర్లో వచ్చే పేర్లలో నా పేరు ఉంది, ఆమె పేరు లేదు.

పోయిన నెల లింగంపల్లి స్టేషన్‌లో కనిపించింది. అదే తరహా కళ్లజోడు. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తోందట. బొమ్మలు వెయ్యడం లేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మానేశానండి. చూపు బాగాలేనిదాన్ని ఆ పనికి ఎందుకు లెండి? మీరైనా మొహం మీద చెప్పారు, నయం" అంది.

తల ఊపాను. రైలు వచ్చింది, ఆమె ఎక్కింది. నేను ఎక్కలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

కృపా, నీ కళ్లు బాగానే ఉన్నాయి. ఆ మసక నేను పెట్టింది. ప్లాట్‌ఫారం మీద అనాల్సిన మాటలు ఇవే. ఇక్కడ రాశాను. గొంతులో ఇప్పుడు కాస్త చోటుంది.