తీగె లేని చోట నూట ఇరవై ఏడు

ఆ అంకె కంప్యూటర్ తెర పై మూలకు ఎర్రగా ఉండేది. నూట ఇరవై ఏడు. పొద్దున ఆన్ చేస్తే అదే, పగటి అన్నం తిని వచ్చి చూస్తే అదే. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను ఆ గదిలో చాప మీద ఒరిగి సగం నిద్రలో దాన్నే చూసేటోన్ని. కండ్లు మూసుకున్నా రెప్పల లోపల ఎర్రగా మెదిలేది.

"ఏందది బిడ్డా?" అని మొదటిసారి కోడల్ని అడిగిన.

"వేడి మామా. మిషన్ లోపల ఎంత వేడున్నదో చెప్తది."

"నూట ఇరవై ఏడంటే ఎంత?"

"నీళ్లు నూరుకే మసుల్తయి."

అంటే మా ఇంట్లో, మూడు జానల రేకు పెట్టెలో, మసిలే నీళ్లకన్నా వేడిది ఒకటి కూసోని చీరల అంచులు గీస్తున్నదన్నట్టు. నాకు భయం కాలేదు, వింత అనిపించింది. అంత వేడి అంత నెమ్మదిగా ఎట్ల ఉంటదా అని.

మేము బతుకుదెరువుకు వచ్చి ఉండేది గోడాదరాలో, రెండో అంతస్తులో రెండు గదులు. కింద సాంచలు, పక్కన సాంచలు, అంటే కరెంటు మగ్గాలు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటరు. నలభై ఏండ్లు ఖాతాల్లో సాంచ నడిపిన. ఆ చప్పుడు నాకు ఎట్ల అలవాటైందంటే, కరెంటు పోయి అన్నీ ఒక్కసారే ఆగితే ఉలిక్కిపడి నిద్ర లేస్త. ఇప్పుడు కొడుకు నడుపుతున్నడు, డిండోలి దిక్కు, పగటి పాళీ డ్యూటీ. కోడలు ఇంట్లోనే కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తది. తెర నిండా గళ్లు. ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ గడికి రంగు నింపితే ఆ పోగు సాంచ మీద పైకి లేస్తది. మిషన్ ఎవరో వాడి అమ్మింది. అందులో లినక్స్ అనేది వేసి ఉన్నది. ఊరికే దొరుకుతదని వేసుకున్నరంట. కోడలు దాన్ని తిట్టుకుంటనే నేర్చుకున్నది.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ గళ్లలోనే, అరవై దాటినంక. పలక పట్టుకోవాలంటే సిగ్గయ్యేది. ఒకరోజు ఆమె గళ్లు నింపుకుంట ‘అ’ గీసి, "ఇది ఒక బుటా అనుకో మామా" అన్నది. బుటాలు, చీర మీద నేసే పువ్వులు, నాకు తెలుసు. ఈ వంపుకు ఎన్ని పోగులు, ఈ తోకకు ఎన్ని పోగులు అని లెక్కపెట్టుకుంట నేర్చుకున్న. ఇప్పటికీ నేను చదివితే నేసినట్టే ఉంటది, ఒక వరుస పడ్డంకనే ఇంకో వరుస. నవ్వేటోళ్లు నవ్వుతరు. నాకేం.

ఆ ఎండాకాలం మిషన్ దానంతట అదే ఆరిపోవుడు మొదలైంది. చిన్న అంచైతే సరే, పెద్ద అంచు మొదలుపెడితే అరగంటకు తెర నల్లబడేది. గీసిందంతా పోయేది. కంప్యూటర్ దుకాణపాయన వచ్చిండు. పెట్టె ఇప్పలేదు, ముట్టుకోలేదు. తెర మూలకు ఆ ఎర్ర అంకె చూసిండు.

"కాకా, బోర్డ్ గయా. అబ్ నయా హీ లో" అన్నడు. బోర్డు పోయింది, కొత్తదే తీసుకోండి అని. మా చాయ తాగి పోయిండు.

కొత్తది కొనే మాట మా ఇంట్లో లేదు. కోడలు గోడకు ఆనుకొని కూసొని, సచిన్ అనే చోట తను ఇంతకుముందు పనిచేసిన మిల్లుకు ఫోన్ చేసింది. బట్టలో తప్పులు వెతికే పని. సోమవారం నుంచి రమ్మన్నరు.

ఆ పని నాకు తెలుసు. తెలుసంటే, పనినుంచి వచ్చినప్పటి ఆమె మొఖం తెలుసు. పొద్దున బస్సులో నిలబడి పోయి, పగలంతా లైటు మీద జరిగే బట్టను నిలబడి చూసి, మళ్ల బస్సులో నిలబడి వచ్చేది. అన్నం ముంగట పెట్టుకొని పళ్లెం అంచు మీద వేలు జరుపుకుంట కూసునేది, అక్కడ కూడా బట్ట కదులుతున్నట్టు. పలకరిస్తే ఎక్కడో దూరంనుంచి చూసేది. రెండేండ్లు అట్ల గడిచింది. మళ్ల ఆ బస్సు ఎక్కితే ఆ పిల్ల ఇంటికి తిరిగొస్తది గని పూర్తిగా రాదు. నాకు మనసులో పెట్టుకునుడు రాదు.

"పోకు" అన్న.

"పోకపోతే? మిషన్ నువ్వు బాగుచేస్తవా?"

అది గురువారం.

ఖాతాలో ఎండాకాలం దారం ఎండిపోయి పుటుక్కుపుటుక్కున తెగుతది. అందుకని గోనె పట్టాలు తడిపి సాంచల నడుమ వేలాడదీస్తం, కింద నీళ్లు చల్లుతం. గాలి తడిస్తే దారం మెత్తబడుతది, మనుషులు కూడా జర మెత్తబడుతరు. వేడికి నాకు తెలిసిన మందు అదొక్కటే. శుక్రవారం మధ్యాహ్నం కోడలు బజారుకు పోయింది. ముందు గదిలో నా ముసల్ది చీరల వెనుక వేలాడే దారాలు కత్తిరించుకుంట కూసున్నది, ఇంట్ల చేసే పని ఆమెకు అది. మిషన్ నడుస్తున్నది. మూలకు నూట ఇరవై ఏడు. నేను లేచి ఒక గోనె సంచి తడిపి, గట్టిగా పిండి, పెట్టె మీద కప్పిన. కప్పి మళ్ల ఒరిగిన.

తడి గోనె వాసన గది నిండింది. ఆ వాసనకు నేను ఎక్కడికో పోయిన. మొదటి ఖాతా, రేకుల కప్పు, రేకుల చిల్లుల్లోంచి దిగే ఎండ చుక్కలు. ఆ చుక్కలు పడుగు మీద పడితే, కదిలే పోగుల మీద అవి కదలకుండ నిలబడేవి. దారం పోతనే ఉండేది, వెలుగు అక్కడనే ఉండేది. వయసులో ఉన్న నేను ఆ చుక్కల్ని చూసుకుంట ఎన్ని గంటలు నిలబడ్డనో. ఎవరో బకెట్‌తో నీళ్లు చల్లుకుంట నడుస్తున్నరు, చల్లటి చుక్క ఒకటి నా పాదం మీద పడ్డది...

"మామా! కరెంటు వస్తువు మీద నీళ్లా!"

కోడలు వచ్చి ప్లగ్గు పీకింది. గోనె తీసి విసిరేసింది. ముసల్ది తలుపుకాడ తొంగిచూసింది.

"తడిసింది గదా పాపం, జర తల తుడువుండ్రి దానికి, జలుబు చేస్తది" అన్నది. మళ్ల నా దిక్కు తిరిగి, "నలభై ఏండ్లు నన్నూ సాంచనూ ఒక్కతీర్గనే చూసినవు, ఇగ కంప్యూటర్ నీకు ఒక లెక్కనా!"

కోడలు నవ్వలేదు. పెట్టెను ఫ్యాను కింద పెట్టి సాయంత్రం దాక ఆరనిచ్చింది. తప్పు చేసిన. ఒప్పుకుంట.

సాయంత్రం భయపడుకుంటనే ప్లగ్గు పెట్టింది. నీళ్లు లోపలికి పోలేదు, మిషన్ వెలిగింది. మూలకు నూట ఇరవై ఏడు.

నేను లేచి పెట్టె పక్క రేకు మీద చెయ్యి వెనుక భాగం ఆనిచ్చిన. సాంచ మోటార్‌ను అట్లనే చూస్తం. అరచెయ్యి పెడితే, కరెంటు కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకొని దాన్నే పట్టుకుంటయి. రేకు చల్లగా ఉన్నది, పొద్దుగాల కుండ ఉన్నట్టు.

"బిడ్డా, ఇది అబద్ధం చెప్తున్నది."

"కంప్యూటర్ అబద్ధమెందుకు చెప్తది మామా?"

"మనుషులు చేసిందే గదా. తడి గోనె కప్పితే దిగలే. ఇంతసేపు ఆపితే దిగలే. నిజంగ వేడైతే ఒక్క అంకెన్నా దిగాలె. మసిలే గిన్నె పొయ్యి మీదికెళ్లి దించితే చల్లారదా?"

కోపం పోయి ఇంకేదో వచ్చింది ఆమె మొఖంలోకి. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో మాట కొట్టింది. పైనుంచి కిందికి వరుసలు దిగినయి. బోర్డు మీద వేడి కొలిచే చోట్లు చాలా ఉంటయంట. ప్రతి చోటికి ఒక వరుస. అన్నిట్లో పెద్ద అంకె ఏదో అదే మూలకు ఎర్రగా పడుతదంట.

"గిన్ని ఉన్నయా? మరి మిగిలినయి ఎవరు చూస్తున్నరు?" అన్న.

కోడలు గబగబా చదువుతది. గబగబా చదివేటోళ్ల కన్ను పెద్ద అంకె మీదికే పోతది, ఆ దుకాణపాయన కన్ను లెక్క. నాకు అట్ల రాదు. నేను మొదటి వరుస అయితేనే రెండో వరుసకు దిగుత. శనివారం పొద్దున ఆమెకు చెప్పిన: "నువ్వు పెద్ద అంచు గియ్యి. ఒక్కో పువ్వు అయినప్పుడల్లా ఆ వరుసలు చూపియ్యి, నేను రాసుకుంట."

నోటుబుక్కు తీసుకొని పక్కన కూసున్న. ఆమె పువ్వులు గీసింది, నేను అంకెలు గీసిన. కింద ఖాతా చప్పుడు నేలలోంచి చాపలోకి, చాపలోంచి నా నడుములోకి వస్తున్నది. తెర మీద తీగె పాకుతున్నది, మామిడి పిందెలు కాస్తున్నయి. ఆ పొద్దు మేమిద్దరం ఒకే బట్ట రెండు అంచులు నేస్తున్నట్టు అనిపించింది. ఐదో పువ్వు అంకెలు రాసుకునేసరికి తెర నల్లబడ్డది.

నోటుబుక్కు చూసుకున్నం. ఎర్ర అంకె వరుసలో అయిదు సార్లూ నూట ఇరవై ఏడే. నాలుగో వరుస మాత్రం నలభై నాలుగు, యాభై ఎనిమిది, డెబ్బై ఒకటి, ఎనభై తొమ్మిది, తొంభై ఎనిమిది.

"మిషన్‌ను ఆర్పుతున్నది ఆ ఎర్రది కాదు. గిది" అని నాలుగో వరుస మీద వేలు పెట్టిన.

అది లెక్కలన్నీ చేసే పెద్ద చిప్పు వేడంట. ఇగ కదలని వరుస పేరు పట్టుకొని ఆమె ఫోన్‌లో వెతికింది. ఎక్కడెక్కడివాళ్లో అదే అంకె చూసి అదే అడిగిండ్రంట. బోర్డు మీద కొలిచే తీగె తగిలించుకునేందుకు ఒక చోటు ఉంటది. మా దాంట్లో అక్కడ తీగె లేదు. ఏమీ తగిలించని చోటుకు తన వేడి ఎంతో తెలియదు, తనకు వచ్చినంతలో పెద్ద అంకె చెప్పి కూసుంటదంట.

నేను దాన్ని గురించి చాలాసేపు ఆలోచించిన. ఎవరూ లేని గది. లోపల్నుంచి కాలుతున్న కాలుతున్న అని ఒక గొంతు. ఇల్లంతా ఆ గొంతు విని, పక్క గదిలో నిజంగా కాలేటోని మూలుగు వినలేదు.

కోడలు అప్పటికే తేలికపడ్డది. "ఇంకేంది మామా! ఫైల్‌లో ఒక వరుస రాస్తే చాలు, ఆ అంకె ఇగ కనపడది. ఇప్పుడే దాచేస్త."

"ఆగు. ఇప్పుడే దాయకు."

"ఎందుకు? అబద్ధమని నువ్వే అంటివి."

చెప్పిన. సాంచకు ఒక ఇనుప ముల్లు ఉంటది. అడ్డంగా నేసే పేక దారం తెగితే అది పడి సాంచను ఆపుతది. నా సాంచది పాడై, దారం తెగకున్నా ఊరికే ఆపేది. విసిగి దాన్ని ఒక దారంతో కట్టేసిన. అందరం కట్టేసేటోళ్లం. ఒక మధ్యాహ్నం పేక నిజంగనే తెగింది. ముల్లు పడలేదు, సాంచ ఆగలేదు. నేను ఎండ చుక్కలు చూసుకుంట నిలబడ్డ. తిరిగి చూస్తే పేక లేకుండ ఉత్త పడుగు, సన్నటి వానలాగా, మూరలకు మూరలు దిగుతున్నది. చెప్పాలంటే అందంగా ఉండె. సేఠ్ మాత్రం అందం చూడలే, నన్ను బయటికి పంపిండు.

"అబద్ధం చెప్పేదాన్ని కట్టేసుడు అల్కటి పని. అది కట్టేస్తే నీకు ధైర్యం వస్తది, మిషన్‌కు రాదు. ముందు ఆ తొంభై ఎనిమిది సంగతి చూడు."

పెట్టె ఇప్పినం. లోపల నేను చూసింది నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉన్నది. ఫ్యాను కింద, సన్న రేకుల నడుమ, దారాల నూగు పరుపులాగా పరుచుకొని ఉన్నది. గులాబి, చిలకపచ్చ, పసుపు, నడుమ నడుమ జరీ మెరుపు. ఎన్ని చీరలో అందులో.

ముసల్ది వంగి చూసింది. "అవి నా దారాలేనా?"

"నీవే."

"దొరికిన గదా మీ ఇద్దరికి, నా మీదికి తోసేటందుకు!" అని కసిరింది గని, ఆ గంటలోనే తన చీరల కుప్పను బయట వరండాలోకి మార్చుకున్నది.

సాంచ తుడిచే కుంచెతోని నూగంతా తీసిన. చిప్పుకూ రేకులకూ నడుమ పూసిన, వేడిని రేకులకు దాటించే తెల్ల మందు ఎండి పెంకు కట్టింది. కోడలు అదే దుకాణానికి పోయి ఆ మందుదే చిన్న ట్యూబు తెచ్చి పూసింది. బోర్డు పోయినంక ఇదెందుకని ఆయన అడిగిండంట. "మీరు చాయ తాగిండ్రు, పెట్టె ఇప్పలేదు అని చెప్పొచ్చిన మామా" అన్నది. నా మాట తీరు ఆమెకూ అంటుతున్నది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ల పెద్ద అంచు మొదలుపెట్టింది. నేను మళ్ల నోటుబుక్కు పట్టిన. నాలుగో వరుస నలభై మూడు. తర్వాత యాభై రెండు. నిన్న ఆరిపోయిన ఐదో పువ్వు వచ్చింది. అరవై ఒకటి. తెర నల్లబడలేదు. ఆరో పువ్వు, ఏడో పువ్వు. ఆమె వెనక్కి చూడకుండ గీసుకుంటనే పోయింది. ఎండ కిటికీ మీదికెళ్లి గోడ మీదికి, గోడ మీదికెళ్లి నా మోకాలు మీదికి జరిగింది. అరవై రెండు, అరవై, అరవై ఒకటి. నిద్రపోయిన మనిషి ఛాతీ లేచి పడుతున్నట్టు ఉన్నది ఆ అంకె.

"ఇప్పుడు దాయాల్నా మామా?" అని తిరక్కుండనే అడిగింది.

"ఇప్పుడు దాయి."

ఏదో రాసింది. ఎర్ర అంకె పోయింది. ఎన్ని రోజులు చూసిన అంకె, పోతే ఆ మూల కొంచెం బోసిగా కూడా అనిపించింది.

తర్వాత ఆమె ఫోన్ తీసి సచిన్ మిల్లుకు కలిపింది. "కల్ నహీ ఆఊంగీ భాయ్" అన్నది. రేపు రాను అని. అవతల ఏదో గట్టిగా అన్నరు.

"పర్సోం భీ నహీ" అన్నది. ఎల్లుండి కూడా రాను.

ఫోన్ పక్కన పెట్టి, గళ్ల మీదికి వంగి ఎనిమిదో పువ్వు మొదలుపెట్టింది.