అందరికీ ఒకే మేనమామ

మా బంధువుల్లో తిరుగుతున్న కథ ఏమిటంటే, నేను బడికి పోయి ఇంగ్లిష్ సారు నోరు మూయించి వచ్చానని. అబద్ధం. సారు నోరు చివరిదాకా తెరిచే ఉంది. పైగా నాకు చాయ్ కూడా తెప్పించాడు.

అప్పుడు మా మరిది కూతురు నల్గొండలో పదో తరగతి. ఇంట్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, సాయంత్రాలు హోంవర్కు పట్టుకొని మా ఇంటికి వచ్చేది. ఒకరోజు ప్రశ్న: మీకు నచ్చిన మనిషి గురించి రాయండి.

"గైడ్ల ఉంది పెద్దమ్మా, చూసి రాసేస్త" అంది.

గైడు తీసి చూశాను. అందులో ఒక మేనమామ ఉన్నాడు. డాక్టరు. పేదలకు ఉచితంగా వైద్యం చేస్తాడు, తెల్లవారకముందే లేస్తాడు, కోపం రాదు. క్లాసులో అందరూ ఆయన్నే రాస్తారట, తల్లికి అన్నదమ్ములే లేని పిల్లతో సహా. అంతమంది మేనకోడళ్లకు పెళ్లిబట్టలు పెట్టాల్సి వస్తే ఆ డాక్టరు ఉచిత వైద్యం ఆపేస్తాడు.

"నీకు నిజంగ ఎవరు నచ్చుతరే?"

"అవ్వ."

అవ్వంటే మా అత్త. దేవరకొండ రోడ్డు మీది ఊళ్లో ఉంటుంది. ఆమె నాకు నచ్చుతుందా అన్నది వేరే ప్రశ్న, ఆ హోంవర్కు నాకెవరూ ఇవ్వలేదు. అక్కడి ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంకర పోయాయి, బస్సెక్కడానికి ఆలస్యమవుతుంది. కండక్టరు తొందరపెడితే ఒక కాలు మెట్టు మీద, ఒకటి నేల మీద పెట్టి ఆగిపోయి, "నీ బస్సు కంటె ముందు పుట్టిన కాళ్లు బిడ్డా, జర ఆగు" అంటుంది. బస్సు ఆగుతుంది. పిల్ల అదే రాసింది. నేను వాక్యాలు సరిచేశాను. అవ్వను సరిచేయలేదు.

సారు ఆ పేజీ మొత్తం ఎర్రగా కొట్టేసి, గైడులో ఉన్నట్టు మళ్లీ రాయమన్నాడు. అందుకు పోయాను బడికి.

"మంచిగనే రాసింది మేడం" అన్నాడు. "కానీ పెద్ద పరీక్షల దిద్దేటోళ్లకు టైముండదు. గైడ్ల ఉన్నది కనబడితే కండ్లు మూసుకొని మార్కులేస్తరు."

"వాళ్లు కండ్లు మూసుకునేటందుకు మా పిల్ల కండ్లు తెరిచి ఎందుకు రాయాలె సారూ?"

"మార్కులు పోతే మీరిస్తరా? మీరు గైడు చదవకనే పాసైన్రా?"

"చదివిన. అందుకే ఒక్క పద్యం గూడ యాదికి లేదు."

ఇద్దరం చాయ్ తాగాం. అంతే జరిగింది.

అసలు పంచాయితీ ఇంట్లో. పిల్ల తల్లి, అంటే నా తోడికోడలు, చేతులు జోడించింది. "అక్కా, నీకు దండం పెడ్త. మార్కులొస్తెనే అది అడుగుతున్న కాలేజీల సీటొస్తది. సీటొచ్చినంక అవ్వ గురించి ఎంతన్న రాసుకోనీ."

అప్పటికే పిల్ల తాను రాసింది అవ్వకు తెలుగులో చదివి వినిపించింది. మా అత్త తీర్పు చెప్పేసింది: "పరీక్షల గూడ నన్నే రాయి. గా డాక్టరెవడో, మనకెన్నడన్న సూదేసిండా?"

జీవితంలో ఒక్కసారి నేనూ మా అత్తా ఒక పక్షాన ఉన్నాం. పిల్ల ఏ పక్షమో చెప్పలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. మార్కులు బాగా వచ్చాయి, అడిగిన కాలేజీలోనే సీటూ వచ్చింది. తన మాట విన్నందుకే అంటాడు సారు. మా అత్తయితే బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకల్లా "నా మనుమరాలు నన్ను పరీక్షల రాసింది" అని చెప్పుకుంటోంది. ఈమధ్య కండక్టర్లకు కూడా చెబుతోంది, ఒక కాలు నేల మీద ఉండగానే. పిల్ల ఇద్దరినీ కాదనదు. నేనడిగితే, "మార్కులొచ్చినయ్ గద పెద్దమ్మా" అని ఫోన్లో తల దూరుస్తుంది.

మార్కుల సంగతి నేనడగలేదు. పరీక్ష రోజు ఆ కాగితం మీద ఉన్నదెవరు? మా అత్తా, లేక ఎవరికీ మేనమామ కాని ఆ డాక్టరా?