అక్క ముందు పళ్లు

వీధిలో అతన్ని పళ్లాయన అంటారు. పళ్లు పీకేది డాక్టర్లు. అతను పళ్లు చేస్తాడు. డాక్టర్లు తీసిన అచ్చులు అతని గదికి వస్తాయి. వాటిలో ప్లాస్టరు పోసి, ఆ తెల్లటి దవడల మీద పింగాణీ పొడిని పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి పంపిస్తాడు. ఆ పళ్లు పెట్టుకునే మనుషుల్ని చూసే అవసరం అతనికి ఎప్పుడో తప్ప రాలేదు.

ఆ రోజు అక్క వచ్చి ఎదుట కూర్చుంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

"చెయ్యి తియ్యక్కా."

"తీస్తే నీకు అన్నం సయించదు."

తీసింది. పైన ముందు పళ్లు రెండూ నల్లగా పుచ్చిపోయాయి. వాటిలో చిన్నప్పటి నుంచి పక్కదాని మీదికి ఎక్కి ఉండే పన్ను అంచు విరిగింది. బావకి మతిమరుపు ముదిరాక ఆమె తన సంగతి పట్టించుకోవడం మానేసింది. నొప్పెడితే లవంగం నొక్కిపెట్టి రోజులు గడిపింది.

మర్నాడు అతను తనకి తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లైటు దించి పరీక్షగా చూసింది. "రెండూ పీకేసి, పక్క పళ్ల ఆధారంతో బ్రిడ్జి కట్టొచ్చు. లేదంటే తీసి పెట్టుకునే పళ్లు. కానీ వేర్లు గట్టిగా ఉన్నాయి. రూట్ కెనాల్ చేసి పైన క్యాపులు వేస్తే మీ పళ్లు మీకే ఉంటాయి. కాకపోతే నాలుగైదుసార్లు తిరగాలి."

"తిరుగుతాను. నావి నాకుంటే చాలు."

క్యాపులు తమ్ముడే చేశాడు. వంకర పళ్లవాళ్లు క్యాపులు వేయించుకుంటే పనిలో పనిగా సరిచెయ్యమంటారు. అక్క ఆ మాట అనలేదు. అతను అడగనూ లేదు. అలవాటైన చెయ్యి రెండింటినీ తీర్చి నిలబెట్టింది. కొన్నాళ్లు చూద్దామని డాక్టరమ్మ తాత్కాలిక సిమెంటుతో అతికించింది.

అక్క అద్దంలో చూసుకుంది. "ఎవరివిరా ఇవి?"

"నీవే."

"బాగున్నాయి," అని చెయ్యి అడ్డం లేకుండా నవ్వింది.

వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. "ఆ పళ్లు తీయించెయ్ రా."

అతను వెళ్లేసరికి బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ముందున్న కంచం ముట్టలేదు.

"మీటరు చూడ్డానికొచ్చారా? బయటుంది," అన్నాడు. బావమరిదిని మరిచిపోయి ఏడాది దాటింది. ఆయనకి గుర్తున్నది అక్క ఒక్కతే.

అక్క ముద్ద కలిపి అందించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"వద్దండీ. మా ఆవిడ వచ్చాక తింటాను."

"నేనే కదండీ," అని అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు.

వంటింట్లో అక్క కుళాయి తిప్పి, చెయ్యి నీళ్ల కింద పెట్టి అలాగే నిలబడింది. "పెళ్లయిన కొత్తలో అనేవారు, జనంలో తప్పిపోయినా ఆ పన్ను చూసి పట్టేసుకుంటానని. వేళాకోళం అనుకున్నాను."

తమ్ముడు తన గదికి తిరిగొచ్చాడు.

క్యాపుల కోసం అక్క పళ్లు అరగదీయకముందు తీసిన అచ్చు ఇంకా అలమారలోనే ఉంది. దాన్ని దీపం కిందికి తెచ్చుకున్నాడు. పన్నుని వంకరగా నిలబెట్టడం అతనికి చేతకాలేదు. ఎంత వద్దనుకున్నా చెయ్యి తిన్నగానే పోతోంది. విరిగిన అంచు ఎంతవరకు ఉండేదో అచ్చులో లేదు. అక్కని పిలిపించి కూర్చోబెట్టుకున్నాడు. ఆమె గోటితో చూపించింది.

"ఇంకొంచెం కిందికి. పెదవికి తగిలేది."

కొత్త క్యాపుల్ని చూసి డాక్టరమ్మ కనుబొమలు ఎగరేసింది. "ఇదేంటండీ, మొదట వేసినవి నిక్షేపంగా ఉన్నాయి కదా?"

"ఇవే పెట్టండి," అంది అక్క. "ఊడకుండా."

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మం దాటి వచ్చిన అక్కని బావ చాలాసేపు చూశాడు. అక్క భయం భయంగా నవ్వింది.

"ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావు?"

"పంటి డాక్టరు దగ్గరికండీ."

"నువ్వు లేనప్పుడు ఎవరో ఆవిడ వచ్చింది. మంచిదే, పాపం. అన్నం కూడా పెట్టబోయింది. నేనే తినలేదు." ఆయన కాస్త ఆలోచించాడు. "పళ్లు మాత్రం ఎంత బాగున్నాయో ఆవిడకి."

"పంపించేశాలెండి," అంటూ అక్క కంచం ముందుకు లాగి అన్నం కలపసాగింది.

తమ్ముడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ తిన్నని పళ్లు రెండూ దూదిలో చుట్టి అతని జేబులో ఉన్నాయి.