ఘాటులో దిగిపోయిన బ్రేకు

ఒడిశా సంతల్లో ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ లారీతో సాలూరు ఘాటు రోడ్డు దిగుతున్నాం. లారీ మాదే. మా పెళ్ళికన్నా పాతది. నడిపేది మా ఆయన, పక్కన నేను. ఒక మలుపు దగ్గర ఆయన బ్రేకును ఒకసారితో వదలకుండా టకటకా తొక్కడం చూశాను.

"ఏటయ్యింది?"

"బ్రేకు మెత్తగా దిగిపోతన్నాది. నువ్వు మాటాడకు."

మాట్లాడొద్దంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరోజు మాత్రం సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. కిటికీ పక్కనే లోయ. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. ఇద్దరం ఒకే బండెక్కి ఎందుకొచ్చామా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన గేరు తగ్గించాడు, ఇంజను మూలిగింది. ఎదురుగా లోడు లారీ ఒకటి ఎక్కుతూ వచ్చింది. దాన్ని తప్పించుకుని, కొండవైపున్న రాళ్ళగుట్టకు ముందు చక్రం ఆనించి ఆపాడు.

బయల్దేరేముందు అన్నీ చూసుకున్నాడు. బ్రేకు ఆయిలు నిండుగా ఉంది. ఇప్పుడు చూసినా అంతే, ఎక్కడా చుక్క కారలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. కారితే ఏం పోయిందో తెలిసేది కదా. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి ఆయన కిందకు దూరాడు. నన్ను బ్రేకు తొక్కమన్నాడు.

"నొక్కు. వదులు. మళ్ళీ నొక్కు."

కాసేపటికి కింద నుంచి మాట ఆగిపోయింది. ఏమైందోనని దిగి, వంగి చూశాను. ముందు చక్రానికి బ్రేకు ఆయిలు వెళ్ళే రబ్బరు గొట్టం పట్టుకుని ఉన్నాడు. నేను తొక్కినప్పుడల్లా అది బూరెలా ఉబ్బుతోందట, తొక్కిన బలమంతా ఆ ఉబ్బుకే పోయి బ్రేకు పట్టడం లేదట. గొట్టం తడిమిన వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టాడు. సొరచేప నూనె వాసన.

అది మా మావ పని. మా ఆయన తండ్రి. సముద్రంలో చేపల వేట మానేసినా చేతులు ఊరుకోవు. ఉప్పునీళ్ళకు పాడవకుండా పడవ చెక్కకు జీవితమంతా సొర నూనె రాసిన మనిషి. ఎండుచేపల ఉప్పు రాలి లారీ తుప్పు పడుతోందని దాని అడుగంతా కూడా అదే రాస్తూ వచ్చాడు. చెక్కకు మంచిదే. రబ్బరు మాత్రం నానిపోయింది.

సాలూరు నుంచి మెకానిక్కును రప్పించి గొట్టాలన్నీ మార్పించాం.

"మా అయ్యకి సెప్పకు," అన్నాడు ఆయన.

నేను చెప్పేశాను. మళ్ళీ రాస్తే ఎవరు దిక్కు? మావ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు లారీ మా ఊరు భావనపాడు దాటాలంటే మావ వచ్చి బంపరు పట్టుకుని, కొత్త గొట్టం ఉబ్బుతోందేమోనని వంగి చూస్తూ నిలబడతాడు.

"అమ్మీ, ఒకపాలి నొక్కు."

నొక్కుతాను.

"ఇంకోపాలి."

"బాగానే ఉన్నాది మావా, ఒగ్గేయి," అంటాను.

"నానే కదా రాసినాను," అంటాడు. బంపరు మాత్రం వదలడు.