పిలుపు లేకుండా తెరవని గది

బిలాస్‌పూర్ దగ్గరి పల్లెలో, చనిపోయిన ఒక జడ్జిగారి ఇంటిని స్మారకంగా మార్చడానికి ఇంజనీరుగా వెళ్లాను. గోడలు, దూలాలు, పెంకులు కొలిచాక వెనకగది మిగిలింది. దాన్ని కూల్చి టికెట్ కౌంటర్ కట్టాలి.

తలుపు తోయబోతుంటే కాపలాదారు అప్పారావుగారు ఆపారు. జడ్జిగారి కోర్టులో బంట్రోతుగా చేసిన తెలుగాయన.

“ఏటి బాబూ, పిలవకుండా ఎళ్లిపోతావేటి? అయ్యగారు కూకోవాల గదా!”

“ఆయన పోయి చాలా ఏళ్లయింది కదండీ.”

“అచ్ఛా! అయితే గది పడగొడతానని అయ్యగారికి నువ్వే చెప్పు.”

కోర్టులో పిలిచినట్టే నా పేరు మూడుసార్లు గట్టిగా పిలిచారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“కూకున్నారు. ఎళ్లు.”

తలుపు తెరిస్తే గదిలో కుర్చీ కాదు కదా, పీట కూడా లేదు. బయటికొచ్చి, ప్లానులో ఆ గది మీద కూల్చాలని గీసిన ఎర్రగీత చెరిపేశాను.

అప్పారావుగారు తలుపు మూశారు. లోపల మళ్లీ కుర్చీ జరిగింది.

“లెగిసేరు,” అన్నారాయన.